దొంగకట్టు, పాత పంచె

ఆ రోజు నేను కుడుతున్నది పసుపుపచ్చ జాకెట్టు. ఒక పెళ్లికూతురిది. మధ్యాహ్నం భోంచేసి వచ్చి కొట్లో కూర్చున్నాను. వడమాలపేట రోడ్డు మీద ఆ వేళకు బస్సులు తక్కువ. పక్క కొట్టు రేడియో ఏదో చెబుతోంది, నాకు మాటలు వినబడుతున్నాయి గాని అర్థం తలకెక్కడం లేదు. మిషన్ పని అయిపోయి చేతికుట్టు వేస్తున్నాను. చూస్తే జాకెట్టు మీద ఎర్రటి చుక్క. కుంకుమ యాడనుంచి వచ్చిందబ్బా అనుకున్నాను. పక్కనే ఇంకో చుక్క పడింది. అప్పుడు చూశాను. సూది నా కుడిచేతి చిటికెన వేలిలో సగం దాకా దిగి ఉంది. నాకు తెలియనే లేదు.

సూది లాగేటప్పుడు కూడా నొప్పి లేదు. వేరే ఎవరి వేలిలోంచో తీస్తున్నట్టుగా ఉంది. భయం వేయాల్సింది పోయి నాకు తమాషాగా అనిపించింది. ముప్పై ఏళ్లు కుట్టిన చెయ్యి, మొద్దుబారి ఉంటుందిలే అనుకున్నాను.

నా పేరు మునిరత్నం. నా కుట్టు ఊడదని మా చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఇప్పుడు తగ్గిందని చెబితే నా భార్య కాంతమ్మ నవ్వుతుంది.

వెనక్కి తిరిగి చూసుకుంటే, అంతకు ముందే కొన్ని జరిగాయి. మోచేతి వెనక అరచెయ్యంత ఒక మచ్చ, చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త పాలిపోయి ఉండేది. దురద లేదు, మంట లేదు. దాన్ని పట్టించుకోలేదు. ఒకసారి ఇస్త్రీపెట్టె చేతికి ఆనుకుని ఉంటే, గుడ్డ మాడుతోందని అటూ ఇటూ వెతికాను. మాడుతున్నది నా చర్మం. పెద్ద బొబ్బ లేచింది. కాంతమ్మ బొబ్బ మీద పిండి అద్దుతూ, "ఇంత కాలితే ఒక కేకన్నా వెయ్యలేదేమయ్యా?" అంది. "మగోణ్ణి కదా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నవ్వు రాదు.

చిటికెన వేలు, దాని పక్క వేలు మెల్లగా లోపలికి వంగడం మొదలైంది. కత్తెర పట్టు జారుతోంది. మా పక్క చేతికో కాలికో ఏదైనా అయితే ఎవరూ ఆలోచించరు, పుత్తూరు పోతారు. అక్కడ ఎముకల కట్లు కట్టే ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. నేనూ పోయాను. కట్టు కట్టే పెద్దాయన నా వేళ్లు సాగదీసి చూశాడు. మోచేతి లోపలి పక్క ఒకచోట నొక్కాడు. కరెంటు కొట్టినట్టు జివ్వుమంది.

"ఎముక బాగుండాది. నరమే తాడు మాదిరి లావెక్కి ఉండాది. ఇది నా కట్టుతో పోయేది కాదప్పా. తిరుపతిలో పెద్దాస్పత్రికి పో, నానబెట్టొద్దు" అన్నాడు.

ఆయన చక్కగా చెప్పాడు. వినలేదు నేను. లావెక్కిన నరం, తిమ్మిరి, పాలిపోయిన మచ్చ. ఈ మూడూ కలిస్తే ఏ రోగమంటారో నాకు చిన్నప్పుడు ఎక్కడో విన్న జ్ఞాపకం. ఆ పేరు మనసులో కూడా అనుకోలేదు. ఇంటికొచ్చి జాకెట్ల లైనింగు గుడ్డ చించి, మోచేతి దాకా నేనే కట్టు కట్టుకున్నాను. ఎవరడిగినా, "జారి పడినా, పుత్తూరు కట్టు" అన్నాను. ఆ మాట చెబితే మా వైపు ఇంక రెండో ప్రశ్న ఉండదు. పాపం అని టీ ఇప్పిస్తారు. ఆ దొంగకట్టు వెనక రెండు నెలలు పోగొట్టుకున్నాను. ఆ రెండు నెలల్లోనే చిటికెన వేలు బాగా వంగిపోయింది.

చివరికి కాంతమ్మ పట్టుబట్టి తిరుపతి తీసుకెళ్లింది. స్కిన్ డిపార్ట్‌మెంట్లో ఒక చిన్న వయసు డాక్టరమ్మ. కళ్లు మూసుకోమంది. "దూదితో ముట్టుకుంటాను. తగిలినప్పుడు తగిలిందని చెప్పండి" అంది. నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఫ్యాన్ తిరుగుతోంది, బయట ఎవరో పేర్లు పిలుస్తున్నారు. ఈమె ఇంకా మొదలుపెట్టలేదే అనుకున్నాను. కాసేపు ఆగి కళ్లు తెరిచాను.

"ఎప్పుడు ముట్టుకుంటారు తల్లీ?"

"పదిసార్లు ముట్టుకున్నాను నాయనా" అంది.

స్కిన్ స్మియర్ తీశారు, బయాప్సీ చేశారు. "హాన్సెన్స్ డిసీజ్" అంది డాక్టరమ్మ. నా మొహం చూసి తెలుగులోనూ చెప్పింది. కుష్టు. తర్వాత ఆమె చెప్పినవన్నీ నీళ్లలో మునిగి విన్నట్టు విన్నాను. పన్నెండు నెలలు ఎండీటీ, అంటే మూడు మందులు కలిపిన మాత్రలు. ఒక్క నెల కూడా మానకూడదు. మందు మొదలుపెట్టాక కొద్దిరోజులకే ఇంకొకరికి అంటించే శక్తి పోతుంది. ఒంటి రంగు కొంచెం నల్లబడుతుంది, కోర్సు అయ్యాక మెల్లగా తగ్గుతుంది. "ఇది మామూలు జబ్బే. నర్వ్ ఎంత మిగిలిందో అంత కాపాడుకుందాం" అంది. కాంతమ్మను కూడా పరీక్ష చేశారు. ఆమెకు ఏమీ లేదు.

మూడో నెలలో రియాక్షన్ వచ్చింది. మందు సరిగా పనిచేస్తున్నా అలా వస్తుందట. ఒళ్లంతా జ్వరం, మోచెయ్యి దగ్గర నరం నిప్పుకణిక. జనరల్ వార్డులో పడుకోబెట్టి స్టెరాయిడ్ మొదలుపెట్టారు, చెయ్యి కదలకుండా స్ప్లింట్ బద్ద వేసి బ్యాండేజీ చుట్టారు. ఆ జ్వరంలో నాకు ఒకటే కల. నేను కుట్టిన జాకెట్లన్నీ దండెం మీద ఆరేసి ఉన్నాయి. ఆ దండెం మా ఊరి దగ్గర మొదలై కొండల మీదుగా ఎటో పోతోంది. గాలికి అన్ని జాకెట్ల చేతులూ ఊగుతున్నాయి. నేను నడుస్తూ ఒక్కొక్కటీ ముట్టుకుంటున్నాను. పట్టు ఏదో, నూలు ఏదో నా చేతికి తెలియడం లేదు. అంత అందంగా ఉన్న కలలో నేను ఏడుస్తూ నడిచాను.

ఒక సాయంత్రం కళ్లు తెరిచేసరికి కాంతమ్మ చల్లటి గచ్చు మీద కాకుండా ఒక బొంత మీద కూర్చుని ఉంది. పాత చీరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత. మా కంటే కొంచెం చిన్నావిడ ఒకామె మూట పట్టుకుని వార్డంతా తిరిగి, రోగులకు తోడుగా వచ్చి నేల మీద పడుకునేవాళ్లకు ఇస్తోంది. పేరు రెడ్డెమ్మ అని తర్వాత తెలిసింది. నా చెయ్యి మంచం మీంచి జారి బొంత అంచు పట్టుకుంది. ఎడమచెయ్యి గనక తెలిసింది.

"ఈ కుట్టు ఎవరు వేసినారమ్మా?" అన్నాను.

"మేమే అన్నా. ఏం, బాగలేదా?"

"వరస వంకర పోయింది. దారం వదులు. రెండు ఉతుకులకు లేచిపోతాది."

"ఏమయ్యా, ఊరికే ఇచ్చినామెకు వంకలు పెడతావా?" అని కాంతమ్మ తల పట్టుకుంది.

రెడ్డెమ్మ పకపకా నవ్వింది. "వంకలు పెట్టేవాళ్లు మాకు శానామంది ఉండారు. కుట్టేవాళ్లే తక్కువ. బాగైనంక నువ్వే వచ్చి కుట్టన్నా, మేమూ సూస్తాము. చేతికేమైంది?"

"విరిగింది. పుత్తూరు కట్టు" అన్నాను, అలవాటు కొద్దీ.

ఆమె నా చెయ్యి వంక కాసేపు చూసి, "అట్లనా" అని ఊరుకుంది.

అలా మొదలైంది నా ఆదివారాల బొంతకుట్టు. తిరుపతిలో ఆమె ఇంటి మిద్దె మీద, నీడ వాలాక, ఏడెనిమిదిమంది ఆడవాళ్లు చేరేవారు. మధ్యలో చీరలు పరిచి, గాలికి లేవకుండా రాళ్లు పెట్టి, నాలుగు పక్కలా కూర్చుంటారు. ఎవరి అంచు నుంచి వాళ్లు కుట్టుకుంటూ లోపలికి జరుగుతారు. పొద్దు వాలేసరికి మోకాళ్లకు మోకాళ్లు తగిలేంత దగ్గరికి వస్తాం. నేను ముప్పై ఏళ్లు గోడ వైపు తిరిగి మిషన్ తొక్కినవాణ్ణి. ఎదురుగా మనుషుల మొహాలు చూస్తూ కుట్టడం నాకు కొత్త.

ప్రతి చీరకూ ఒక కథ. "ఇది మా యమ్మ చర్చికి కట్టే తెల్లచీర" అనేది ఎస్తేరు. ఆమె హోటల్లో వంట చేస్తుంది, కుట్టు చాలా సన్నం. ఇంకొకామె తన సీమంతం చీర తెచ్చి, దాన్ని గుచ్చడానికి మనసు రాక, మొదటి కుట్టు మాత్రం తాను వేయనని మొహం తిప్పుకుంది. మాటలు, దారం చప్పుడు, కొండ మీంచి వచ్చే గాలి. ఆ గంటల్లో నాకు రోగం ఉందన్న సంగతే దూరంగా జరిగిపోయేది. బొటనవేలు, చూపుడువేలు బాగానే పనిచేస్తున్నాయి, వాటితోనే సూది పట్టేవాణ్ణి. స్ప్లింట్ అవసరం తీరాక కూడా కట్టు మాత్రం విప్పలేదు. ఎస్తేరు ఊరుకునేది కాదు. "పుత్తూరోళ్లు కడితే నెల తిరక్కుండా ఎముక అతుక్కుంటాది. నీ ఎముకేందన్నా, ముహూర్తం సూసుకుంటా ఉండాదా?" అనేది. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

ఒక ఆదివారం ఎస్తేరు ఒక్కసారిగా "అన్నా, రగతం!" అని అరిచింది. కట్టు తడిసి బొంత మీదకు కారుతోంది. ఎప్పుడు గుచ్చుకుందో తెలియదు. నేను చెయ్యి వెనక్కి లాక్కునేలోపే ఆమె కట్టు విప్పేసింది, గాయం కడుగుదామని. వంగిన రెండు వేళ్లు, నల్లబడిన చర్మం. విరిగిన గుర్తు ఎక్కడా లేదు.

ఇంక దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. "నాకు కుష్టు. మందు మింగతా ఉండాను. ఎవరికీ అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది" అన్నాను.

ఒకామె సూది చీరకు గుచ్చి వదిలేసి, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. మిగిలినవాళ్లు కదలలేదు. మాట్లాడనూ లేదు. రెడ్డెమ్మ కూడా. నేను లేచి వచ్చేశాను. ఎవరైనా పిలుస్తారేమోనని మెట్ల మీద కాస్త నెమ్మదిగా దిగాను. పిలవలేదు.

మూడు ఆదివారాలు ఇంట్లోనే ఉన్నాను. మాత్రలు మింగుతున్నాను గాని మనసు విరిగిపోయింది. వేళ్లు వంగిన బాధ కాదు. నేను కుట్టిన బొంతలన్నీ ఏం చేసి ఉంటారు? పారేశారా, కాల్చేశారా? నా చెయ్యి పడిన గుడ్డ మీద ఇంక ఒక మనిషి పడుకుంటాడా? కళ్లు మూసుకుంటే అదే ప్రశ్న.

నాలుగో ఆదివారం పగలు రెడ్డెమ్మ మా ఇంటికి వచ్చింది. ఇచ్చిన నీళ్లు తాగింది. "మా పాపకు బిడ్డ పుట్టిందన్నా. ఆడబిడ్డ. బొంత కుట్టాల. నీ పాత పంచె ఒకటి ఇయ్యి" అంది.

మా వైపు పుట్టిన బిడ్డకు కొత్తగుడ్డ వేయరు. పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన చీరో పంచెనో అడిగి తెచ్చుకుంటారు. ఎవరిని పడితే వాళ్లను అడగరు. కాంతమ్మ గబగబా లోపలికి పోయి, పెట్టెలోంచి మడత విప్పని పంచె తెచ్చింది. రెడ్డెమ్మ దాన్ని పక్కకు నెట్టింది.

"ఇది కాదమ్మా. ఆయన కట్టుకునింది. దండెం మీద ఉండాదే, అది."

"మందు మింగితే చెమట ఎర్రగా వస్తాది, దానికి ఆ రంగు పట్టింది వదినా. ఎంత ఉతికినా పోలేదు" అంది కాంతమ్మ.

"పోకుంటే పోనీలే. లోపల పొరలో పెడతాము."

"తెలిసే అడుగుతా ఉండావా రెడ్డెమ్మా?" అన్నాను.

"తెలిసే. నేను పుట్టిందే పుత్తూరులో అన్నా. ఆ కట్టుకు వెదురుబద్దలుంటాయి, పసరు వాసన ఉంటాది. నీది ఆ కట్టు కాదని ఆస్పత్రిలోనే తెలుసు. నోరొచ్చినప్పుడు నువ్వే చెప్తావని ఊరుకున్నా."

"మరి ఆ పొద్దు పిలవలేదే నన్ను?"

ఆమె తల దించుకుంది. "భయమేసింది. అబద్ధమెందుకు చెప్పాల? పసిబిడ్డ వస్తా ఉండాది ఇంట్లోకి. అందుకే డాక్టరమ్మ దగ్గరికి పోయినా. నీ పేరు చెప్పలేదులే. మందు మింగేవాళ్ల గుడ్డ బిడ్డకు వెయ్యచ్చునా అని అడిగినా. వెయ్యమనింది. తెలుసుకున్నంక రాకపోతే నాది తప్పు అయితాది. నీ బొంతలన్నీ ఆస్పత్రిలోనే ఉండాయి. ఒక్క కుట్టు లేవలేదు."

నేను ఏడ్చాను. దాచుకోవాలని అనిపించలేదు. దండెం మీంచి పంచె నేనే తీసి ఇచ్చాను.

ఆ బొంతకు ఒక పక్క నేనే కుట్టాను, చేతికి కట్టు లేకుండా. ఇప్పుడు నా పన్నెండు నెలల మందు పూర్తయింది. ఉంగరం వేలు చాలావరకు సాగింది, చిటికెన వేలు అలాగే ఉంది. ఆ వేలికి తొడుగు వేసుకుని కుడతాను, సాయంత్రం దీపం పెట్టే వేళ రెండు చేతులూ తిప్పి చూసుకుంటాను, ఎక్కడైనా తెగిందా కాలిందా అని. మెట్లు దిగిపోయినామె తిరిగి రాలేదు. ఆమె వదిలిన పక్కన కాంతమ్మ కూర్చుంటోంది. ఆమె కుట్టు వంకరే, చెబితే వినదు.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఒంటి మీద మచ్చ ఉంటే కళ్లు మూసుకుని, ఇంకొకరిని దూదితో ముట్టుకోమనండి. తగిలింది తెలియకపోతే, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా మరునాడే స్కిన్ డాక్టర్‌కు చూపించండి. నేను కట్టు కింద దాచుకున్న రెండు నెలలు నాకు తిరిగి రాలేదు.

పోయిన ఆదివారం రెడ్డెమ్మ మనవరాలు మిద్దె మీద పాకుతూ నా దగ్గరికి వచ్చింది. నేను కుట్టులో మునిగి ఉన్నాను. ఎస్తేరు నవ్వుతూ, "అన్నా, సూడు" అంది. కిందికి చూశాను. బిడ్డ నా చిటికెన వేలు గట్టిగా పట్టుకుని ఉంది. ఎంతసేపట్నుంచి పట్టుకుందో నాకు తెలియదు. సూది పక్కన పెట్టి, బిడ్డ తానే వదిలేదాకా కదలకుండా కూర్చున్నాను.