పినాంగు వెళ్ళాల్సిన పిల్లి

మా ఇంట్లో పిల్లిని ప్రేమించే మనిషి ఒక్కతే, మా అక్క. పిల్లికి భయపడే మనిషీ ఒక్కడే, మా బావ. పెళ్ళికి ముందు వాళ్ళిద్దరి జాతకాలూ చూపించారు గానీ, ఈ సంగతి ఏ జాతకంలోనూ పడలేదు.

బావ మలయాలో, పినాంగుకు దగ్గర ఏదో రబ్బరు తోటలో గుమాస్తా. పెళ్ళి చేసుకుని ఒక్కడే వెళ్ళిపోయి, అక్కడ ఇల్లు దొరికాక అక్కను తీసుకుపోవడానికి సెలవు మీద వచ్చాడు. అవి అరవైల మొదటి రోజులు. నేను నెల్లూరులో బి.ఏ. పూర్తిచేసి, మైపాడు పక్కన మా ఊళ్ళో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. అంటే ఇంట్లో జీతం అడగని పనులన్నీ నావే.

ఓడ తేదీ తెలిసిన రోజు అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా, "పిల్లి వస్తేనే నేను వస్తా" అంది.

బావ నవ్వాడు. అక్క నవ్వలేదు. దాంతో బావ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఓడలో పిల్లేందే? జనం నవ్వుతారు."

"నవ్వనీ. ఆడ నాకు తెలిసిన మొహం ఒక్కటన్నా ఉండాల గదా."

"నేనుండాను గదా?"

"నువ్వు పొద్దున పోతే చీకటి పడినాక గదా వచ్చేది. నువ్వే చెప్పినావు."

ఆ పిల్లి, మా అమ్మ చనిపోయిన ఏడాది వానలో తడుస్తూ వచ్చి అక్క ఒళ్ళో పడుకుంది. తర్వాత దిగలేదు. దానికి పేరు కూడా లేదు. అక్క "అమ్మీ" అని పిలిచేది, అది పలికేది. ఇంకెవరు పిలిచినా పలికేది కాదు. నేను కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషులో పిలిచినా పలకలేదు.

అక్క మాట అంటే మాటే. పిల్లి లేకపోతే ఆమె ఓడెక్కదు. ఆమె ఎక్కకపోతే బావ ఈసారి కూడా ఒంటరిగా పోవాలి, మళ్ళీ సెలవు ఎప్పుడిస్తారో ఆ తోట దొరకే తెలియాలి. అంచేత కథంతా పిల్లి మీద ఆగింది.

ప్రయాణానికి బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురొస్తే ఏం చెయ్యాలో మా వైపు అందరికీ తెలుసు. వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. కానీ ప్రయాణం చేసేదే పిల్లి అయితే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. బావ మలయా నుంచి ప్యాంటు, చేతిగడియారం, దొరల మాటలు తెచ్చుకున్నాడు గానీ, శకునాల నమ్మకం మాత్రం ఇక్కడినుంచి తీసుకెళ్ళినదాన్ని చెక్కుచెదరకుండా తిరిగి తెచ్చాడు. మొదటిసారి పోయేటప్పుడు ఒక పిల్లి అడ్డం వచ్చిందట, మద్రాసు రేవు నుంచి పినాంగు దాకా కక్కుతూనే పోయాడట. ఓడ ఊగడం వల్ల అంటే ఒప్పుకోడు.

మా నాయన వెళ్ళి పురోహితుణ్ణి అడిగి వచ్చాడు. ఆయన బాగా ఆలోచించి తీర్పు చెప్పాడు: బుట్టలో ఉన్నంతసేపు అది సామాను, బయటికి దూకితే పిల్లి.

ఈ తీర్పుకు మా నాయన వెంటనే ఒప్పుకున్నాడు. నాకు మొదటి అనుమానం అప్పుడే వచ్చింది. మా నాయన వంకాయలు కొనేటప్పుడు కూడా దేనికీ వెంటనే ఒప్పుకునే మనిషి కాదు. మర్నాడు గొడ్లసావిట్లో ఆయనా బావా గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే, గోడకవతల గడ్డి తీస్తున్న నాకు వినపడింది.

"నెల్లూరులో మనకు తెలిసినాయన బియ్యంకొట్టు ఉంది గదా అల్లుడా. ఎలకలు దండిగా ఉంటాయి. బుట్ట ఆడ దించేసి పోదాం. రైలెక్కినాక చెప్దువు."

"నేనా మామా చెప్పేది?"

"మరి నేనా? నేను ఇంటికి రావాల గదా."

నేను వెళ్ళి అక్కకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, అప్పటికే అనుమానించిందట. "నువ్వు చదువుకున్నోడివి గదరా, దాన్ని కనిపెట్టుకోని ఉండు" అంది. నా బి.ఏ.కి దొరికిన మొదటి ఉద్యోగం అది.

కాపలా మొదలుపెట్టాక ఇంట్లో ప్రతివాళ్ళూ దొంగల్లాగే కనపడ్డారు. బావ బుట్ట పక్కనుంచి నడిస్తే అనుమానం, నడవకుండా చుట్టు తిరిగి పోతే ఇంకా అనుమానం. అయితే అందరికంటే ఎక్కువ అనుమానం కలిగించింది మా మేనత్త.

అత్త చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంటికి వచ్చింది. అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది ఆమే. ఇల్లంతా ఆమె చేతిమీదే నడిచేది గానీ, ఎవరైనా ఊరికి బయల్దేరే రోజున మాత్రం ఆమె వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేది. ఎదురు రాకూడదు గదా. వెళ్ళమని ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. చెప్పాల్సిన అవసరం పడనిచ్చేది కాదు. నేను పరీక్షలకు పోయినా అంతే, అక్క పెళ్ళికి పల్లకి కదిలినా అంతే. ఎదురింటి ముత్తైదువ చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురొచ్చేది, చేగోడీలు మూటగట్టిన అత్త మాత్రం గదిలో ఉండేది.

ఈ అత్తకు పిల్లి అంటే పడదు. "శనీ" అని పిలిచేది. అలాంటిది, చేపలు మానేసి ఏళ్ళు గడిచిన మనిషి, మైపాడు నుంచి వచ్చే చేపలామె దగ్గర ఎండు నెత్తళ్ళు కొని కొంగున దాచుకోవడం నా కళ్ళతో చూశాను. రెండ్రోజులకు పెరట్లో కూర్చుని దబ్బనంతో గోతాం కుడుతూ కనపడింది.

మా వైపు దొంగపిల్లిని వదిలించుకునే పద్ధతి ఒకటుంది. చేప ముక్క ఆశపెట్టి గోతాంలోకి పిలిచి, మూతి కట్టి, కాలవ దాటించి వదిలేస్తారు. నీళ్ళు దాటిన పిల్లికి ఇంటిదారి తెలియదని నమ్మకం. చేపలు, గోతాం. కాలవ ఒక్కటే మిగిలింది.

"ఏందత్తా అది?"

"కనపడలా? గోతాం."

"ఎందుకూ?"

"నిన్ను కట్టి మలయాకి పంపిద్దామని. ఆడన్నా ఉద్యోగం దొరుకుద్దేమో."

"పక్కన ఆ రంధ్రం ఏంది?"

"నీకు గాలాడొద్దా?"

ఈ మాటలు అక్కతో చెప్పాను. ఆమె ఆ రాత్రి నుంచి పిల్లిని తన గదిలో పెట్టుకుని గడియ వేసుకోసాగింది. అత్త వడ్డిస్తే తినేది, అడిగినదానికి జవాబు చెప్పేది, అంతకుమించి మాట లేదు. అత్త ఆ మూసిన తలుపును చూసింది. సారె మూట కడుతూ, అక్కకిష్టమని మాగాయ జాడీ ఒకటి ఎక్కువ పెట్టింది. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

బయల్దేరే రోజు తెల్లవారేసరికి బండి కట్టారు. మైపాడు రోడ్డు మీదికి వెళ్ళి నెల్లూరు బస్సు అందుకోవాలి. ఎదురింటి ముత్తైదువ నీళ్ళ చెంబుతో సిద్ధంగా ఉంది. బావ తూర్పు వైపు తిరిగి నిలబడ్డాడు. అక్క స్నానం చేసి వచ్చి బుట్ట ఎత్తింది. బుట్ట తేలిగ్గా లేచింది. అందులో ఏమీ లేదు.

అక్క బావ వైపు చూసింది.

"నా తల్లితోడు, నేను కాదు."

మా నాయన వైపు చూసింది. ఆయన, "బియ్యంకొట్టు నెల్లూరులో గదా ఉండేది" అనబోయి, సగంలో నాలుక కరుచుకున్నాడు.

నేను వెనక గదికి పరుగెత్తాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అత్త లేదు. గోతాం లేదు. ప్రయాణం రోజున ఆ గది ఖాళీగా ఉండడం నేను పుట్టాక అదే మొదటిసారి.

వచ్చి చెప్పాను. అక్క గుమ్మం మీద కూలబడింది. ఏడవలేదు. "నేను రాను, మీరు పోండి" అంది. బావ గడియారం చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు. ముత్తైదువ చెంబు దించి చెయ్యి మార్చుకుంది.

"కాలవ దాటినాకే గదక్కా రోడ్డు. వదిలుంటే ఆడే వదిలుంటది. దారిలో వెతుకుదాం పా" అన్నాను.

అక్క అందుకే బండెక్కింది, మలయా పోవడానికి కాదు. సామాను మాత్రం ఎందుకైనా మంచిదని బావ ఎక్కించాడు. దారి పొడుగునా ఆమె ప్రతి కంచెలోకీ, ప్రతి సరుగుడు తోపులోకీ "అమ్మీ, అమ్మీ" అని పిలిచింది. కాలవ దాటాం. గట్టు మీద కొంగలు తప్ప ఏమీ లేవు. అక్క గొంతు బొంగురుపోయింది.

రోడ్డు దగ్గర తూము మీద ఎవరో కూర్చుని ఉన్నారు. మాకు వీపు చూపిస్తూ, వరిమళ్ళ వైపు తిరిగి. ఒళ్ళో గోతాం, గోతాం పక్క రంధ్రంలోంచి పిల్లి తల. ఆ తల ఏదో నములుతోంది.

"బండి ఆడే ఆపండి" అంది అత్త, తల తిప్పకుండా. "నేను ఎదురు రాలా. మీరే నా ఎనకమాల నుంచి వచ్చినారు. అల్లుడికి చెప్పండి."

బావ కాసేపు వకీలులాగా ఆలోచించి, సరేనన్నట్టు తల ఊపాడు. అత్తకు అది కనపడదు గనక నేను, "సరే అంటున్నాడత్తా" అన్నాను.

"పిల్లి కూడా ఎదురు రాలా. గోతాంలో ఉండాది. సామాను."

అక్క అప్పటికే బండి దూకింది. "ఎందుకు తెచ్చినావత్తా? నా ప్రాణం పోయింది గదా!"

"బుట్టంటే దానికి భయమే. గుమ్మం దాటేటప్పుడు దూకుద్ది. దూకితే ఈ మనిషి ఓడెక్కడు. గోతాంలో నెత్తళ్ళేసి అలవాటు చేసినా, ఇప్పుడు తియ్యమన్నా దిగదు. తెల్లారగట్ట నువ్వు నీళ్ళు పోసుకోను పోయినప్పుడు తీసుకోని, గట్టమ్మటే నడిచొచ్చినా."

"నాకు చెప్పొచ్చు గదా."

"నీకు చెప్తే నీ తమ్ముడికి చెప్తావు. వాడు ఊరికంతా చెప్తాడు. ఆ బియ్యంకొట్టు సంగతి నాకు తెలవదనుకున్నారా?"

మా నాయన ఎద్దు పగ్గం ముడిని చాలా శ్రద్ధగా పరీక్షించాడు.

దూరంగా బస్సు దుమ్ము లేచింది. అత్త గోతాం పక్కకు జరిపి, "తీసుకోని పో. అట్నుంచే పో, ఇటు రాబాక" అంది. అక్క గోతాం తీసుకుంది గానీ అట్నుంచి పోలేదు. తూము చుట్టూ తిరిగి, మడి గట్టు మీదికి దిగి, అత్తకు ఎదురుగా నిలబడింది.

"వద్దమ్మీ. పోయేదానివి. ఎదురు రాబాక."

"మొహం చూపించత్తా."

అత్త కొంగు మొహం మీదికి లాక్కుంది. అక్క ఆ కొంగు తీసింది. తర్వాత ఏమన్నారో నాకు వినపడలేదు. బస్సు చప్పుడు. బావ అప్పుడు సముద్రం వైపు ఎంతో ఆసక్తిగా చూస్తూ నిలబడ్డాడు. అక్కడినుంచి సముద్రం కనపడదు.

బస్సులో సామానుతో పాటు గోతాం ఎక్కింది. కండక్టరు అందులో ఏముందని అడగబోతే, మా నాయన "బియ్యం" అన్నాడు. పిల్లి ఆ మాటకు అభ్యంతరం చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు బండి ఖాళీగా ఉన్నా అత్త ఎక్కలేదు. నన్ను బండి తోలుకుంటూ ముందు పొమ్మని, తను వెనకగా నడిచింది. ఎందుకని అడిగితే, "అలవాటు" అంది.

మిగతా కథ మద్రాసు దాకా వెళ్ళొచ్చిన మా నాయన చెప్పింది కొంత, మూడేళ్ళకు పుట్టింటికి వచ్చిన అక్క చెప్పింది కొంత. ఓడలో పిల్లిని చూసి వంటవాడు చెయ్యెత్తి దణ్ణం పెట్టాడట, ఓడలో ఎలుకలు అన్ని ఉన్నాయి మరి. అతను అంత సంతోషపడడం చూసి అక్కకు అనుమానం వచ్చి, పినాంగు చేరేదాకా గోతాం మూతి తన చేతికి చుట్టుకునే పడుకుందట. బావ ఈసారి కూడా మొదటినుంచి చివరిదాకా కక్కాడు. ఎవరివల్ల అన్నది బయటికి అనలేదు. పిల్లి ఒకటి, అత్త ఒకటి, కారణాలు రెండు ఉండడంతో ఎటూ తేల్చుకోలేకపోయి ఉంటాడు.

పినాంగు రేవులో పశువుల డాక్టరు పిల్లిని తన దగ్గర పెట్టుకుని కొన్నాళ్ళ తర్వాత పంపాడు. వచ్చిన పిల్లి బాగా ఒళ్ళు చేసి ఉంది. ఇది తన పిల్లి కాదని, మార్చేశారని అక్క గట్టిగా అనుకుంది. "అమ్మీ" అంటే అది ముఖం తిప్పుకుంది కూడా. చివరికి అక్క, అత్త కుట్టిన గోతాం తెచ్చి నేలమీద పరిచింది. పిల్లి లేచి, అందులో దూరి, రంధ్రంలోంచి తల బయటపెట్టి, నెత్తళ్ళ కోసం చూసిందట.

ఇది చెప్పినప్పుడు అత్త పప్పు రుబ్బుతోంది. రుబ్బడం ఆగింది. కాసేపటికి, "శని" అంది. మళ్ళీ రుబ్బసాగింది.

ఆ తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. సముద్రం దాటక్కర్లేదు, పెన్న దాటితే చాలు, కోవూరులో. బయల్దేరే రోజున ఎదురింటి ముత్తైదువ చెంబుతో వచ్చి నిలబడింది. నేను వెనక గది తలుపు తట్టి, "ఎదురు రా అత్తా" అన్నాను.

లోపలినుంచి, "ఆ పిల్లి ఉంటే వచ్చేదాన్ని లేరా. ఒక్కదాన్నే అంటే భయం" అంది.

నేను ట్రంకుపెట్టె తీసుకుని పెరటి గుమ్మంలోంచి బయల్దేరాను. ఆ దారి ఆమె గదిలోంచే పోవాలి. ముత్తైదువ వీధిలో చాలాసేపు నిలబడిందని తర్వాత తెలిసింది.

ఆ రోజు బస్సు ఆలస్యంగా వచ్చింది. అది రోజూ ఆలస్యంగానే వస్తుంది.