బంతిలో కూర్చున్న వైర్లు

కారు మా బావగారిది, అంటే మా ఆవిడ అన్నగారిది. షెడ్డు మాది. ధవళేశ్వరంలో ఆయన ఇల్లున్న సందులో ఆటో వస్తుంటే సైకిలు ఆగి గోడకి ఆనుకోవాలి. అందుకని అయిదేళ్లుగా ఆ కారు రాజమండ్రిలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంటోంది. వారానికోసారి స్టార్టు చేయడం, గుడ్డతో తుడవడం నా బాధ్యత.

అది విదేశీ స్పోర్ట్స్ కారు. పొడుగాటి ముక్కు, రెండే సీట్లు, పైకప్పు లేదు. పెళ్లికి ముందు జంగారెడ్డిగూడెంలో ఒక పొగాకు వ్యాపారి దగ్గర చూసి, ముచ్చటపడి కొనుక్కున్నారు. పెళ్లి ఊరేగింపు కూడా దాంట్లోనే. పక్కన పెళ్లికూతుర్ని కూర్చోబెట్టుకుని తనే నడిపారట. పెళ్లికొడుకు డ్రైవింగు చేయడమేంటని పెద్దవాళ్లు చాలాకాలం అనుకున్నారు.

ఈ ఏడాది ఆయనకు షష్టిపూర్తి. చూపు తగ్గుతోందనీ, ఈ ఏడాదితో డ్రైవింగు ఆపేయమనీ కళ్ల డాక్టరు చెప్పేశాడు. వాళ్లావిడను నేను అక్కయ్య అంటాను. ఆవిడతో బావగారు ఒప్పందం చేసుకున్నారు. షష్టిపూర్తి రోజున ఆ కారులో తనే ఆవిణ్ణి కల్యాణ మండపానికి తీసుకెళ్తారు, అక్కడ దిగగానే తాళాలు ఆవిడకిచ్చేస్తారు, మళ్లీ అడగరు. ఆ ఒక్క ప్రయాణం కోసం ఆయన రెండు నెలల నుంచి ఎదురుచూస్తున్నారు.

ఇంకా రెండు వారాలుందనగా నేను తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు వెనక నుంచి పొగ వచ్చింది.

ధవళేశ్వరం రోడ్డులో ఉండే ఆటో ఎలక్ట్రీషియన్ని పిలిచాను. ఆయన స్టీరింగు కిందకి తల దూర్చి, వాసన చూసి, బయటికొచ్చాడు.

"ఎలకలండి. కాపురం పెట్టేశాయి. డ్యాష్‌బోర్డు దింపాలి."

"పది రోజుల్లో బండి కావాలండి."

"ఆయ్. దింపడం ఒక పూట, ఎక్కించడం ఒక పూట. మధ్యలో ఎలకలు చేసింది నేను సరిచేయాలి కదండీ."

నాలుగు మరలు విప్పడానికి మధ్యాహ్నమైంది. స్టీరింగు చక్రం ఊడదీసి గోడకి తగిలించాడు. చెక్క డ్యాష్‌బోర్డుని రెండు చేతులా పట్టుకుని, షెడ్డులో చెదలున్నాయని, తిన్నగా మా ఇంట్లోకి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. అక్కడి నుంచి దాన్ని కదపడానికి ఆయన ఒప్పుకోలేదు, గాజు పగిలితే తన పూచీ కాదన్నాడు. ఆ పది రోజులూ దాని చుట్టూ కంచాలు పెట్టుకుని తిన్నాం. స్పీడు చూపించే ముల్లు ఎప్పుడో నలభై దగ్గర ఇరుక్కుపోయింది. నేను పెరుగన్నం కలుపుకుంటున్నంతసేపూ నాకు ఎదురుగా నలభై చూపించేది. "నెమ్మదిగా తినండి," అనేది మా ఆవిడ.

కారు వైపు మిగిలింది వైర్ల గుత్తి. కొరికినవన్నీ మార్చి అతుకులేశాడు గానీ, పాత వైర్ల రంగులు పోయి అన్నీ బెల్లం రంగులోకొచ్చాయి. ఏది దేనిదో తెలిసేలా చీటీలు రాసి కట్టనా అన్నాను. పేపరు డెస్కులో ముప్పై ఏళ్లు చేసినవాడికి చీటీ మీద నమ్మకం ఎక్కువ.

"చీటీలు ఊడిపోతాయండి పేపరు గారూ. నేను చుట్టరికం పెట్టుకుంటాను."

"వైర్లతోనా?"

"వాటిలో వాటికండి. చూడండి, ఇది బ్యాటరీ నుంచొచ్చే పెద్ద వైరు. ఇంట్లో అందరికీ పెట్టేది ఈయనే. మావగారు. ఇది ఎర్తు. ఎవరెన్ని ఊళ్లు తిరిగినా చివరికి ఈవిడ దగ్గరికే రావాలి. అత్తగారు."

"హెడ్‌లైట్లు?"

"పెద్దల్లుడండి. ఇంట్లో వెలుగంతా తనదే అనుకుంటాడు. ఈ రెండూ ఇండికేటర్లు, చిన్నల్లుళ్లు. ఒకడు ఎడమంటే ఇంకోడు కుడంటాడు."

పెట్రోలు ముల్లు మేనత్త, ఎప్పుడడిగినా ఏమీ లేదంటుంది. వైపరు బావమరిది, వానాకాలంలో తప్ప కనపడడు. హారను ఆడపడుచు. ఎందుకని అడిగితే గుమ్మంలో నిలబడ్డ మా ఆవిణ్ణి చూసి, "తర్వాత చెప్తాలెండి," అన్నాడు.

ఒక అట్టముక్కకి ఎనిమిది గాట్లు పెట్టి, ఒక్కో వైరునీ ఒక్కో గాటులో ఇరికించాడు. ఎడమ నుంచి మావగారు, అత్తగారు, పెద్దల్లుడు, చిన్నల్లుళ్లిద్దరు, మేనత్త, బావమరిది, ఆఖర్న ఆడపడుచు. డ్యాష్‌బోర్డు వెనక బిగించే చోట్లకి కూడా అదే వరుసలో సుద్దతో అంకెలేశాడు.

"బంతిలో కూర్చోబెట్టానండి. ఎవరి ముందు విస్తరి వాళ్లకి వేసెయ్యడమే."

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి ఈ వరుసంతా చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు, రెండోసారి చదవమంది.

గురువారం బిగించాల్సింది. పొద్దున్నే ఎలక్ట్రీషియన్ ఫోను చేశాడు.

"తునిలో మా తమ్ముడికి మగపిల్లాడండి."

"శుభం. ఎన్నింటికొస్తారు?"

"పురుడు కదండీ. పదకొండు రోజులు నేను బండి ముట్టుకోను. మామూలు బండైతే వేరు. పీటల మీద కూర్చునే దంపతులు ఎక్కే బండి."

నేను నచ్చజెప్పాను. ఆయన కదల్లేదు. పైగా ఇది మా అక్కయ్య గారికి తెలిస్తే ఊరుకుంటారా అని నన్నే అడిగాడు. ఊరుకోరని నాకూ తెలుసు.

"మీరే బిగించండి. ఫోన్లో చెప్తాను. ఫోనుకి పురుడు లేదండి."

శుక్రవారం నేనూ మా ఆవిడా డ్యాష్‌బోర్డుని షెడ్డుకి మోశాం. ఫోను సీటు మీద పెట్టి, ఆయన చెప్పినట్టే మొదటి గాటులోది ఒకటో చోట, రెండోది రెండో చోట బిగించుకుంటూ పోయాను. బ్యాటరీ తగిలించి తాళం తిప్పాను. పొగ రాలేదు. హెడ్‌లైట్ల స్విచ్ వేశాను. హారను మోగింది, ఆగలేదు. స్విచ్ ఆపి, హారను నొక్కితే హెడ్‌లైట్లు వెలిగాయి. ఇండికేటరు వేస్తే వైపరు లేచి నాకు దణ్ణం పెడుతున్నట్టు వంగింది.

"పేపరు గారూ," అన్నాడు ఫోన్లో ఎలక్ట్రీషియన్, "బంతిలోంచి ఎవరైనా లేచారా?"

"నేను ముట్టుకోలేదండి."

"నేను సర్దాను," అంది మా ఆవిడ.

నేను స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

"ఏం సర్దారమ్మా?"

"అత్తగారి పక్కన అల్లుణ్ణి కూర్చోబెడతారా ఎవరైనా? ఆవిడ ఎలా తింటుంది? పెద్దల్లుణ్ణి ఆ చివరికి పంపించి, ఆడపడుచుని తల్లి పక్కకి తెచ్చాను. చిన్నల్లుళ్లనీ అటే జరిపి, బావమరిదిని ఇటు కూర్చోబెట్టాను."

"అవి వైర్లమ్మా."

"వైర్లని మీరన్నారా? అల్లుడని మీరే అన్నారు. మా వదిన ఎక్కే బండిలో అలాంటి వరసలు ఉండకూడదు."

ఫోన్లో ఆయన గొంతు తగ్గింది. "నిజమేనండి. మా ఇంట్లో కూడా అలా కూర్చోబెట్టం. నేనే చూసుకోలేదు."

ఎవరిని ఎక్కణ్ణుంచి ఎక్కడికి మార్చిందో మా ఆవిడ ఒక్కటి తడుముకోకుండా చెప్పింది. ఒక్కొక్కళ్లనీ పాత చోటికి పంపాం. హెడ్‌లైట్లు హెడ్‌లైట్లలా వెలిగాయి, హారను హారనులా మోగింది. చిన్నల్లుళ్లలో ముందెవరు, వెనకెవరు అన్నదొక్కటే ఆవిడకి గుర్తులేదు. ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారంది. వెలిగించి చూస్తే సరిపోతుంది కదా అని ఆవిణ్ణి కారు ముందు నిలబెట్టి ఎడమ ఇండికేటరు వేశాను. "కుడి," అంది. రెండూ మార్చి మళ్లీ వేశాను. "ఇప్పుడు ఎడమ," అంది. మరలు బిగించి, స్టీరింగు చక్రం ఎక్కించేశాను. ఆవిడ నాకు ఎదురుగా నిలబడి తన ఎడమ చెప్తోందని నాకు తట్టింది మర్నాడు మధ్యాహ్నం. అప్పటికి బావగారు బండి తీసుకెళ్లిపోయారు.

ఫోను చేసి చెప్పాలనుకున్నాను. చెబితే అక్కయ్య ఆ బండి వద్దని అద్దె కారు పిలిపిస్తారు. చెప్పకపోతే ఆయన ఎడమకని వేస్తే వెనకొచ్చే లారీకి కుడి కనపడుతుంది. ఎన్నో ప్రమాద వార్తల్లో ఇలాంటి వాక్యం దిద్దినవాణ్ణి. చెప్పేశాను. ఆయన విని, "మీ అక్కయ్యతో చెప్పకు," అని పెట్టేశారు.

ఆదివారం మండపం ముందు సన్నాయి వాళ్లు, మేము, పురోహితుడు, అందరం నిలబడ్డాం. కారు వచ్చింది. బావగారు పట్టు పంచెలో నిటారుగా ఉన్నారు, అక్కయ్య పక్కన కొంగు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. మండపం వాళ్లకి ఎడమ చేతివైపు. సన్నాయి అందుకున్నారు. కారు ఎడమకి తిరగలేదు. మా అందరి ముందు నుంచీ నెమ్మదిగా వెళ్లిపోయింది. సన్నాయి ఆయన ఊదడం ఆపి నా వైపు చూశాడు.

"ముహూర్తం," అన్నాడు పురోహితుడు.

ఇరవై నిమిషాలకి మళ్లీ వచ్చారు. ధవళేశ్వరం బ్యారేజీ దాకా వెళ్లొచ్చారని తర్వాత తెలిసింది. ఈసారి ఆగారు. నేను ముందుగా వెళ్లి, "బావగారూ, ఇండికేటర్లు తిరగబడటం వల్ల తిప్పలేకపోయారు, తప్పు నాదే," అన్నాను.

"ఇండికేటరా? నేను వెయ్యలేదే," అన్నారాయన.

ఇంజను ఆపారు గానీ దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. పురోహితుడు మళ్లీ పిలిచాడు. అక్కయ్య చెయ్యి చాచలేదు, తాళాల మాటెత్తలేదు. ఆవిడ రోడ్డు అవతల కొబ్బరిబొండాల బండి వైపు తిరిగి, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నారు. అలా ఎంతసేపో. చివరికి ఆయనే తాళం తీసి ఆవిడ ఒళ్లో పెట్టారు.