రూట్ రెండుకు చోటు

అరవైల చివర్లో మా బాగేపల్లి హైస్కూలుకు కొత్త గణితం వచ్చింది. నేను లెక్కల టీచరుగా చేరి అప్పటికింకా రెండేళ్లు కాలేదు. ఆ వేసవిలో చిక్కబళ్ళాపురంలో శిక్షణ పెట్టి, చుట్టుపక్కల లెక్కల మేష్టర్లందరినీ పిలిచారు. మా స్కూలు నుంచి నేనూ, రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్ద మేష్టరూ రోజూ ఒకే బస్సులో వెళ్ళివచ్చేవాళ్ళం.

"ఇన్నేండ్లూ అంకెల్ని కూడినాం, గుణించినాం. ఇప్పుడు వాటి కులగోత్రాలు అడగమంటాండారు. ఈ వయసులో నాకెందుకమ్మా ఇది?" అన్నారాయన మొదటిరోజు.

అయినా, బోర్డు మీద వలయాలు గీసి సంఖ్యల రకాలు చెప్తుంటే శ్రద్ధగా విన్నారు. లెక్కపెట్టే అంకెలది చిన్న వలయం. దాని చుట్టూ సున్నానూ రుణసంఖ్యలనూ కలుపుకున్న వలయం. దాని చుట్టూ భిన్నాలది. అంతవరకూ ఆయనకు ఇబ్బంది లేదు. రూట్ రెండు వీటిలో దేంట్లోనూ ఎందుకు ఇమడదో మాత్రం మింగుడుపడలేదు.

తిరుగు బస్సులో నన్నే అడిగారు. తండ్రి వయసున్న మనిషికి పాఠం చెప్పాలంటే బెరుకుగా ఉండింది. "దాన్ని భిన్నంగా రాయగలిగితే పైదీ కిందదీ రెండూ సరిసంఖ్యలే అవుతాయి సార్. రెండుతో ఎంత కుదించినా మళ్ళీ కుదించాల్సిందే. దానికి అంతుండదు" అన్నాను.

"ఇంకోసారి చెప్పమ్మా."

మళ్ళీ చెప్పాను. దారిలో పేరేసంద్ర దాటేదాకా ఆయన టికెట్టు వెనక ఆ లెక్క వేసి చూసుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "అర్థమైంది. బలే ఉండాది" అన్నారు.

బడి తెరిచాక తొమ్మిదో తరగతి పిల్లల్ని ఆయన ఆటస్థలానికి తీసుకెళ్ళారు. సున్నంపొడితో వలయాలు గీసి, ఒక్కొక్కరి చేతికి ఒక్కో సంఖ్య రాసిన అట్టముక్క ఇచ్చి, ఎవరి చోట్లో వాళ్ళను నిలబడమన్నారు. నాలుగు బై రెండు పట్టుకున్న పిల్లవాడు తిన్నగా భిన్నాల్లోకి పోయాడు. "నువ్వు రెండే కదరా, లోపలికి రా" అంటూ మిగతావాళ్ళు వాడిని అన్నిటికన్నా లోపలి చిన్న వలయంలోకి లాగేశారు. మేష్టరు పకపకా నవ్వారు.

చివరికి రూట్ రెండు పట్టుకున్న అమ్మాయి ఒక్కతే బయట మిగిలింది. "నాకు యాడా చోటు లేదు సార్" అంది, ఏడుపు గొంతుతో. పిల్లలు నవ్వబోయారు.

"నవ్వొద్దండప్పా" అని ఆయన సున్నం డబ్బా అందుకున్నారు. ఆ అమ్మాయినీ కలుపుకొని, అందరి చుట్టూ ఇంకో పెద్ద వలయం గీసుకుంటూ వచ్చారు. "ఇప్పుడు అందరూ ఒగే ఇంట్లో ఉండారు. ఈయమ్మది వేరే గది, అంతే."

ఆ అమ్మాయి అట్టను పైకెత్తి పట్టుకుంది.

ఆ సాయంత్రం స్టాఫ్‌రూములో ఆయన అందరికీ టీ తెప్పించారు. పంచెకంటిన సున్నం దులుపుకుంటూ నా పక్కన కూర్చుని అడిగారు: "ఇంగ రేపటి పాఠమేందమ్మా?"