ఆపిల్ పప్పే అని చెప్పాను

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాటే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మా తమ్ముడు శీనుకి కిడ్నీలు పాడయ్యాయి. వాళ్లది ఐరాల. డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు తిరుపతి రావాలి కాబట్టి భార్య పద్మనీ, మా అమ్మనీ తీసుకుని నా ఇంటికే వచ్చేశాడు. వంట నాది. ఉప్పు తగ్గించమన్నారు. పొటాషియం ఎక్కువని చింతపండు, టమేటా, మామిడికాయ అసలు వద్దన్నారు. పులుపు లేకుండా మా ఇళ్లలో ముద్ద ఎలా దిగుతుంది? ఆపిల్ పెట్టవచ్చని ఆస్పత్రిలో ఒకామె చెప్పింది. అప్పుడే కొత్త కాపు దిగింది. బస్టాండు దగ్గర బండి మీద కాస్త పుల్లగా ఉండేవి ఏరి తెచ్చేదాన్ని. పెసరపప్పులో ముక్కలు వేసి, జీలకర్ర, ఎండుమిరపకాయతో తిరగవాత పెట్టేదాన్ని. ఒకరోజు మిరియాలపొడి చల్లి వేపుడు, ఒకరోజు ఉల్లిపాయతో కలిపి పచ్చడి. మొదటి వారం వాడు ఇష్టంగానే తిన్నాడు. నాకు గర్వంగా ఉండేది. ఆ తర్వాత పళ్లెంలో చెయ్యి పెట్టి ఊరికే కూర్చునేవాడు.

ఒకరోజు పొద్దున అమ్మ, పద్మ గుడికి వెళ్లారు. వాడు వంటింట్లోకి వచ్చాడు.

“అక్కా, ఈ పూట పప్పులో చింతపండు ఎయ్యి. నోరు సచ్చిపోయినాది.”

“వద్దన్నారు కదరా.”

“ఒక్క పూటకి ఏమైతాది? ఎవురికీ చెప్పొద్దులే.”

వేశాను. ఒకసారి పిసికి పోసి, చాలదేమోనని ఇంకోసారి పిసికాను. టమేటాలు కూడా వేశాను. ఎందుకు? జాలితోనా? నా ఆపిల్ వంటలు వాడికి నచ్చడం లేదన్న ఉక్రోషంతోనా? ఇప్పటికీ తేల్చుకోలేను. గుడి నుంచి వాళ్లు తిరిగొచ్చేలోపే వాడు మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు. నా వైపు చూసి నవ్వాడు. నాకూ సంతోషమేసింది.

మర్నాడు వాడు మంచం మీంచి లేవలేకపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తంలో పొటాషియం బాగా పెరిగిందన్నారు. ఏం తినిపించారని డాక్టరు అడిగాడు. అందరం మంచం చుట్టూ ఉన్నాం.

“ఆపిల్ పప్పే సార్. ఇంకేం పెట్టలేదు,” అన్నాను.

అమ్మ పద్మ వైపు తిరిగింది. పద్మ పుట్టిల్లు గూడూరు. వాళ్లమ్మ పంపిన నిమ్మకాయ ఊరగాయ సీసా మా అలమరలో ఉండేది. దొంగచాటుగా అదే పెట్టి ఉంటుందని అమ్మ తేల్చేసింది. పద్మ కాదని ఏడ్చింది. వదినా, నువ్వన్నా చెప్పు అని నన్ను అడిగింది. నేను సెలైన్ సీసా వైపు చూస్తూ నిలబడ్డాను. శీను కళ్లు మూసుకున్నాడు. మెలకువగానే ఉన్నాడని నాకు తెలుసు. వాడెందుకు నోరు విప్పలేదు? నన్ను కాపాడాలనుకున్నాడా? మరి పద్మ వాడికి ఏమీ కాదా? ఇంటికొచ్చాక ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. ఆపిల్ పప్పు పెడితే వంచిన తల ఎత్తకుండా తినేవాడు. అది కోపమో, సిగ్గో.

నాలుగు నెలలకి వాడు గుండె ఆగి చనిపోయాడు. ఆ పూట పప్పుకీ దీనికీ సంబంధం ఉందా అని నేను ఏ డాక్టరునీ అడగలేదు. ఉందంటారని భయం. లేదంటే మాత్రం? అప్పుడు ఇన్నేళ్లు ఎందుకు దాచానో నాకే అర్థం కాదు.

కర్మకాండ అయ్యాక అమ్మ పద్మను ఉండనివ్వలేదు. ఇప్పుడు గూడూరులో నిమ్మకాయలు ఏరే పనికి పోతోంది. మొన్న ఫోన్ చేసి, అత్త ఇంకా నన్నే అంటోందా అని అడిగింది. లేదన్నాను. అదీ అబద్ధమే.

ఆమెకు చెబుతానో లేదో తెలియదు. మీకు రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతే. ఆ రోజు చింతపండు పిసికింది నేను. పద్మ ఇంట్లో కూడా లేదు.