మార్తమ్మ టీచరు సాక్ష్యం

మట్టెవాడలో సుందర్ రావు సారు నడిపే క్రైస్తవ బడికి గదులు మూడు, తరగతులు పది. ఒకటో తరగతి ఎక్కాలు అరుస్తుంటే పదో తరగతి చెవులు మూసుకుని లెక్కలు చేసుకునేది. ఆ రొదలోనే మార్తమ్మ టీచరు జుట్టు నెరిసింది. పొద్దున ప్రార్థన ఆమెదే. అబద్ధమాడిన పిల్లల్ని కొట్టేది కాదు, ఎదురుగా కూర్చుని అలా చూస్తూ ఉండేది. దానికంటే నాలుగు దెబ్బలే నయమనుకునేవాళ్ళు పిల్లలు.

డెబ్బై ఎనిమిదిలో పదో తరగతి గుర్తింపు కోసం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. తరగతిలో ఉన్నది నలుగురే. అంత తక్కువ మందికి గుర్తింపు ఇవ్వరు. ఇవ్వకపోతే ఆ నలుగురూ పరీక్ష రాయలేరు. వాళ్ళలో రూతు ఒకతి. తల్లి యాకమ్మ మార్కెట్లో కూలి చేసి చదివిస్తోంది. సుందర్ రావు సారు ఏం చేశాడయ్యా అంటే, చర్చిలో పాటలు పాడే పిల్లల్ని పట్టుకొచ్చి బెంచీల నిండా కూర్చోబెట్టాడు. దేవుడి పనట! ఇలాంటి పనులు దేవుడు ఎప్పుడు అప్పగించాడో మరి.

ఇన్‌స్పెక్టర్ మంచివాడు. అదే వచ్చిన చిక్కు. సారును వదిలేసి మార్తమ్మ వైపు తిరిగాడు.

"మీరు చెప్పుండ్రి టీచరమ్మా, వీళ్ళంతా దినాం వస్తరా? మీ మాట మీదనే సంతకం పెడ్త."

మార్తమ్మ రూతు మొహం చూసింది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టుకుని ఉంది.

"వస్తరు సార్."

గుర్తింపు వచ్చింది. అందరూ మిఠాయి తిన్నారు, ఆమె మాత్రం ముట్టలేదు. తలనొప్పి అని చెప్పి పొద్దుటి ప్రార్థన వేరే టీచరుకు అప్పగించింది. అది రెండో అబద్ధం.

పబ్లిక్ పరీక్షలకు ముందు బడిలో పెట్టిన పరీక్షలో రూతు లంగా మడతలో కాపీ చీటీ కనబడింది. మార్తమ్మ పక్కన కూర్చుని ఎప్పటిలాగే చూసింది. రూతు బెదరలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి టీచరమ్మా," అంది మెల్లగా. "ఆనాడు మీరు మా కోసం చెప్పిన్రు. నేను మా అమ్మ కోసం చేస్తాన."

ఆ గొంతులో వెటకారం ఉంటే చెంప పగలగొట్టేదే. ఉన్నది ప్రేమ. మార్తమ్మ చీటీ అడగలేకపోయింది.

రూతు పబ్లిక్ పరీక్షల్లో పాసైంది. యాకమ్మ బడికి పరుగున వచ్చి మార్తమ్మ చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది.

"మీ పుణ్యం టీచరమ్మా! నా బిడ్డ అచ్చం మీ లెక్కనే తయారైంది."