బోజీకి జ్వరం వచ్చిన వేసవి

మా కింది అంతస్తులో ఎవరో ఎండుచేపలు కాలుస్తున్నారు. ఆ వాసన మెట్లెక్కి మా గదిలోకి వచ్చేసరికి మా ఆవిడ కిటికీలు మూసేస్తుంది. నాకు మాత్రం నవ్వొస్తుంది. ఒక కుక్క ఎండుచేప ముక్కను ముల్లుతో సహా నమిలి మింగి, అందులో దాచిన మాత్రను మాత్రం జాగ్రత్తగా తెచ్చి నా చెప్పులో ఉమ్మేసిన సంగతి గుర్తొస్తుంది. ఆ వెనకే మార్తత్త గుర్తొస్తుంది.

మార్తత్త నాకు చుట్టం కాదు. బర్మాలో, లమ్మడా అనే పేటలో మేమున్న మేడలో తెలుగు మాట్లాడే ఇళ్ళు కొన్నే ఉండేవి. వాటిలో పెద్దవాళ్ళంతా మాకు అత్తలూ మామలే. చిన్నతనంలో తట్టు పోసి ఆమెకు చూపు పోయింది. చూపులేనివాళ్ళు నడిపే మసాజ్ గదిలో ఒళ్ళు పట్టే పని చేసి బతికింది. ఆమె చెయ్యి భుజంమీద పడితే ఎంత మొండి నొప్పైనా దిగిపోయేది. మనిషి కూడా కాస్త కిందికి దిగిపోయేవాడు.

ఆమెను నడిపించే కుక్క పేరు బోజీ. బర్మా భాషలో సైన్యంలోని కెప్టెన్‌ని అలా పిలుస్తారు. చేపల బజారులో కాలికి అడ్డంపడిన కుక్కపిల్లను తెచ్చుకుని, దారి చూపడం ఆమే సొంతంగా నేర్పుకుంది. అందుకే వాడి చదువులో కొన్ని తప్పులు మిగిలిపోయాయి. ఆమె టీ కొట్టు దగ్గర ఆగుతుంది గనక వాడు ఊళ్ళో ఉన్న ప్రతి టీ కొట్టు దగ్గరా ఆగేవాడు. ఆదివారం మా తెలుగు చర్చిలో చివరి ప్రార్థన పొడుగైతే లేచి నిలబడి చెవులు టపటపలాడించేవాడు. ఆ చప్పుడు వినగానే పాస్టరుగారు ఆమేన్ దగ్గరికి వచ్చేసేవారని మా నాన్న అనేవారు.

కరోనా మూసిన తలుపులు పూర్తిగా తెరుచుకోకముందే సైన్యం అధికారం చేజిక్కించుకుంది. నేను అప్పుడు బ్యాంకులో గుమాస్తాని. అందరితోపాటు సమ్మెలోకి వెళ్ళి ఇంట్లో కూర్చున్నాను. కూర్చోవడమంటే నిజంగా కూర్చోవడమే. బయట బండి ఆగిన చప్పుడైతే నీళ్ళగ్లాసు కింద పెట్టేవాణ్ణి. పొద్దుగూకాక ఊరంతా గిన్నెలూ మూకుళ్ళూ వాయించేది, పట్టిన పీడ వదలాలని. మా పై అంతస్తులో, మార్తత్త గదిలోంచి, ఆ మోతకు బోజీ గొంతెత్తి ఊళ పెట్టేవాడు. పక్క మేడవాళ్ళు వాడికోసం చెవి ఒగ్గి, వాడు అందుకున్నాక ఇంకా గట్టిగా వాయించేవాళ్ళు.

ఒకనాడు మోత మొదలైంది గాని ఊళ వినిపించలేదు. పైకి వెళ్ళి చూస్తే బోజీ గచ్చుమీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. మోకీళ్ళు వాచాయి. మార్తత్త వాడి డొక్కమీద చెయ్యి వేసుకుని కూర్చుంది. అంత మోతలోనూ ఆమె గొంతు తగ్గించే మాట్లాడింది.

"ఊపిరైతే తీస్తన్నాడు. ఈడు పోతే ఇంకో కుక్కకి నేర్పే వయసు నాకు నేదురా జోసీ. ఈ గదే నాకు గోరీ అయిపోద్ది."

ఆమె ఎప్పుడూ అలా మాట్లాడగా నేను వినలేదు.

మర్నాడు జ్వరం మందుకోసం ఆమె బయటికి వెళ్తానంది. సైన్యం బండ్లు రాకుండా కుర్రాళ్ళు ఇటుకలూ ఇసక బస్తాలూ చెత్తడబ్బాలూ పెట్టి వీధులకు అడ్డం కట్టారు. ఆమెకు తెలిసిన దారులన్నీ మారిపోయాయి. సందులు బోజీకి తెలుసు, బోజీ లేవలేడు. నేను తెస్తానన్నా వినలేదు. దుకాణదారుతో తానే మాట్లాడాలంది. దాంతో నేను కుక్కనయ్యాను. ఇది పోలిక కాదు. అలవాటుకొద్దీ ఆమె నన్ను నాలుకతో టక్‌మని పిలిచింది, మలుపు సరిగ్గా తిరిగితే తల నిమిరింది.

వీధి చివర ఇటుకల గోడ కనపడగానే ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. "అత్తా, వద్దత్తా! అటు ఎవరో ఉన్నారు. నాకేమీ బాగోలేదు. వెనక్కి వెళ్ళిపోదాం" అన్నాను.

ఆమె ఆగింది. "ఒరే, నీ బయం నానడిగేనేటి? కాలికాడ ఏటుంది, అది సెప్పు."

"ఇటుకలు."

"ఎంతెత్తు?"

"మోకాలెత్తు."

"అవతలేటుంది?"

నేను అప్పుడు చూశాను. అంతవరకు చూడలేదు. "ఒక ముసలాయన. అరటిపళ్ళు అమ్ముతున్నాడు."

"పళ్ళున్నాయని సెప్పక, పానం పోతన్నట్టు అరుస్తావేటి? దీనికన్నా బోజీ నయం. ఆడు మొరిగితే ఒక అర్తముంతాది."

ఆ రోజు దుకాణంలో తెచ్చిన మాత్రలు పనిచేయలేదు. పశువుల ఆసుపత్రులకు తాళాలు పడ్డాయి. డాక్టర్ సందా అనే అమ్మాయి సమ్మెలో ఉండి, ఊరికి ఉత్తరాన ఇన్సేన్‌లో తల్లిగారింట్లో జంతువులను చూస్తోందని ఎవరో చెప్పారు. మా వీధిలో టాక్సీ నడిపే కో మ్యో వస్తానన్నాడు, కుక్క వెంట్రుకలు సీటుకు అంటకూడదన్న షరతుమీద. బోజీని మెడదాకా దుప్పట్లో చుట్టి, మార్తత్త ఒళ్ళో పడుకోబెట్టాం. వాడు తలకూడా లోపలికి లాక్కున్నాడు. చూసేవాళ్ళకి జబ్బుపడిన చిన్న ముసలాయనలా ఉన్నాడు.

దారిలో సైనికులు బండి ఆపారు. ఒకతను కిటికీలోంచి తల పెట్టి దుప్పటి చూపించాడు. "ఎవరది?"

"బోజీ" అంది మార్తత్త బర్మా భాషలో, ఏమాత్రం తడుముకోకుండా.

కో మ్యో స్టీరింగ్‌ను కావలించుకున్నాడు. సైనికుడు మాత్రం చటుక్కున నిటారుగా నిలబడ్డాడు. అది అతని వెన్నెముకకు పట్టిన అలవాటు. తర్వాత మెల్లిగా అడిగాడు. "ఏ బోజీ?"

"మా బోజీయే నాయనా. జ్వరం. తిండి మానేశాడు. ఒంటినిండా పిడుదులు. లేచి నిలబడలేకపోతున్నాడు."

అప్పుడు దుప్పటి కదిలి, అందులోంచి తడి ముక్కు ఒకటి, దాని వెనక రెండు దిగులు కళ్ళూ బయటికి వచ్చాయి. రెండో సైనికుడు గబుక్కున అటు తిరిగాడు. అతని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మొదటివాడి మొహం కందిపోయింది. నవ్వాలో తుపాకీ ఎత్తాలో తేల్చుకోలేని ఆ కాసేపూ మా నలుగురిలో ఊపిరి తీసింది బోజీ ఒక్కడే. చివరికి అతను బండిమీద అరచేత్తో చరిచాడు. "పోండి, తొందరగా పోండి!"

మలుపు తిరిగాక కో మ్యో బండి పక్కకు ఆపి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నేను మార్తత్తమీద కేకలేశాను. ఆమె ఆశ్చర్యపోయింది. "ఏటి, నానబద్దమాడేనా? ఎవరని అడిగేడు, సెప్పేను."

అంటూనే దుప్పటిని మళ్ళీ బోజీ తలమీదికి లాగి గట్టిగా చుట్టింది.

డాక్టర్ సందా బోజీ పెదవి ఎత్తి పాలిపోయిన చిగుళ్ళు చూసింది. చెవుల్లోంచి పిడుదులను ఒక్కొక్కటే పీకి పారేసింది. వాటినుంచి అంటుకునే జ్వరమే ఇదని, రక్తం తగ్గిందని చెప్పింది. చాలా రోజులు మాత్రలు వేయాలి, లేచి తిరుగుతున్నాడని మధ్యలో ఆపకూడదు అంది.

మాత్రలు వేయడం నా వంతైంది. అన్నంలో పెడితే అన్నం తిని మాత్ర వదిలేసేవాడు. గుడ్డులో పెడితే గుడ్డుతో సహా వదిలేసేవాడు. ఎండుచేపలో పెట్టిన రోజు గెలిచాననుకుని కిందికి దిగబోతే చెప్పులో తగిలింది. చివరికి మార్తత్తే వాడి దవడ తెరిచి, నాలుక మొదట్లో మాత్ర పెట్టి, గొంతు నిమురుతూ కీర్తన ఎత్తుకునేది. పాట అయ్యేవరకు వదలదని తెలిసి వాడు మొదటి చరణంలోనే మింగేసేవాడు.

ముందు కళ్ళలో వెలుగు వచ్చింది. తర్వాత తోక కదిలింది. ఒక సాయంత్రం గిన్నెల మోత జోరుగా సాగుతుండగా మా తలల పైన బొంగురుగా, పగిలిన బూరలాగా ఒక ఊళ లేచింది. వీధి ఒక్కసారిగా ఆగింది. ఆ వెంటనే రెండు వైపుల మేడలనుంచీ చప్పట్లూ ఈలలూ. మార్తత్త వరండాలో నిలబడి కొంగుతో మొహం కప్పుకుంది.

మళ్ళీ వాళ్ళిద్దరూ వీధిలోకి వెళ్ళిన మొదటిరోజు నేను వెనకే నడిచాను. బోజీ ఇటుకల సందులోంచి ఆమెను అలవోకగా దాటించి, నేరుగా టీ కొట్టుకి తీసుకుపోయి కూర్చున్నాడు. ఆమె పనికి వెళ్ళాల్సింది. అయినా వాడి పక్కనే కూర్చుంది. "కూకో జోసీ, డాక్టరమ్మ తిరగమంది గాని పరిగెట్టమన్లేదు" అని నాకూ టీ చెప్పింది.

మరుసటేడు ఆమె మోల్‌మేన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది, బోజీతో. అక్కడే ఆమె పోయింది. వాడు ఆ ఇంట్లోనే ముసలివాడయ్యాడు. నేను లమ్మడాలోనే ఉన్నాను. బ్యాంకుకి తిరిగి వెళ్ళలేదు. చిన్న బట్టల కొట్టులో పనిచేస్తున్నాను. ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు వీధి మొగలో సైన్యం బండ్లు ఆగి ఉంటాయి, మాటలు వినపడవు. అలాంటప్పుడు నాలో నేనే చెప్పుకుంటాను: ఎడమపక్క కాలవ, దానిమీద పలక పగిలింది. కుడిపక్క దుకాణం సగం తెరిచి ఉంది. ఎదురుగా ముగ్గురు మనుషులు, ఒకడు సిగరెట్టు వెలిగిస్తున్నాడు. భయం కూడా ఉంటుంది. దాన్ని అన్నిటికన్నా చివర చెప్పుకుంటాను. అప్పటికి సగం వీధి దాటేసి ఉంటాను.