గ్రీన్ రూమ్‌లో యముడు

ఈ రోజు తాండూరులో మా నాటకం ఆడాం. నాది యముడి వేషం. గ్రీన్ రూమ్ అని పేరెందుకు పెట్టారో గానీ, అక్కడ పచ్చనిది ఒక్కటీ లేదు. ఫంక్షన్ హాలు వాళ్లు వంటగిన్నెలు పెట్టుకునే గది అది.

కిరీటం కట్టుకోవడం అయిందో లేదో ఫోన్ మోగింది. వికారాబాద్ దవాఖానా నుంచి మా అల్లుడు. మధ్యాహ్నం నుంచి నా కూతురు అక్కడ నొప్పులు పడుతోంది.

చెయ్యి చాచేసరికి మా హార్మోనియం పెద్దాయన అరిచాడు.

"ఏయ్, ఎత్తకు! యముని వేషంల ఉండి దవాఖాన ఫోన్ ఎత్తుతరా? ముందుగాల కిరీటం దించు!"

ఇలాంటివి నేను నమ్మను. అయినా చెయ్యి ముందుకు పోలేదు. కిరీటం ముడి విప్పబోతే, అది ఇంకా బిగుసుకుంది. ఫోన్ ఆగిపోయింది. మళ్లీ మోగింది.

నాటకంలో నాతో వాదించి మొగుడి ప్రాణం వెనక్కి తెచ్చుకునే వేషం మా పక్కింటి రాధమ్మది. ఆమే చటుక్కున ఫోన్ అందుకుంది. కాసేపు విని నావైపు తిరిగింది.

"ఆడపిల్లనంట అన్నా! ఇద్దరు మంచిగున్నరు. ఫికర్ చెయ్యకు."

మీరైతే ఆ ఫోన్ ఎత్తేవారా? నిజం చెప్పండి. నేను మాత్రం స్టేజీ ఎక్కకముందే ఆమెకు ఓడిపోయాను.